జీతము, బహుమానము, పేరు

(ధ్యాన భాగములు: నెహెమ్యా 3; మత్తయి 6:1–4; లూకా 10:7; 17:11–19; రోమా 4:4; 16:22)

విశ్వవిద్యాలయ గ్రంథాలయములో ఒక పాఠకుడు తనకు కావలసిన గ్రంథపు సంఖ్యను పట్టికలో చూచి, బీరువాల మధ్యకు నడచి, ఆ సంఖ్య ఉండవలసిన చోట చేయి చాచును. గ్రంథము అక్కడనే ఉండును. అతడు దానిని తీసికొని వెళ్లిపోవును. దానిని అక్కడ ఉంచిన చేతులను గూర్చిన తలంపు అతనికి రానేరాదు. గ్రంథము అక్కడ లేనప్పుడు మాత్రము అతడు కౌంటరు నొద్దకు వచ్చి ఫిర్యాదు చేయును. పట్టికలో ఉన్నట్లు చూపబడి అరలో కనబడని గ్రంథము, ఉండియు లేనట్టిదే. ఒక అర పైనో క్రిందో పొరపాటున పెట్టబడిన పుస్తకము సంవత్సరముల తరబడి ఎవరికిని దొరకకపోవచ్చును.

లోకములో కొన్ని పనులు ఇట్టివి. చెడినప్పుడే అవి కంటబడును. చక్కగా జరిగినప్పుడు కంటబడవు. వాటిని ఎంత నమ్మకముగా చేసిన, చేసినవాడు అంతగా మరుగున పడిపోవును. ఇట్టి పనివానికి జీతము గాక మరేదైన దక్కవలెనా? దక్కవలసినచో అది దయయా, న్యాయమా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, లోతునకు పోయిన కొలది సువార్తలోని గొప్ప మాటలను తాకును.

అమెరికా దేశపు విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో ఈ మరుగు పనిలో ఎక్కువ భాగము విద్యార్థుల చేతుల మీదుగా జరుగును. తిరిగివచ్చిన పుస్తకములను పెట్టెలోనుండి తీయుట, సంఖ్యల వరుసను ట్రాలీలపై పేర్చుట, అరలలో సర్దుట, వరుస తప్పినవాటిని వెదకి సరిచేయుట, అర్ధరాత్రి వరకు కౌంటరు నొద్ద కూర్చుండుట వారి పని. అవసరములో ఉన్న విద్యార్థులు పనిచేసి చదువుకొనుటకై 1964 సంవత్సరపు ఆర్థిక అవకాశ చట్టము ద్వారా అక్కడి సమాఖ్య ప్రభుత్వము ఒక పథకమును నెలకొల్పెను. విదేశ విద్యార్థులు ఆ పథకమునకు అర్హులు కారు. అయినను విద్యార్థి వీసాపై వచ్చినవారు, తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటలు మించకుండ విశ్వవిద్యాలయ ప్రాంగణములో పనిచేయవచ్చును. ఈ విధముగా మన తెలుగు యువతీయువకులును అక్కడి గ్రంథాలయములలో ట్రాలీలు త్రోయుచున్నారు. ఇంటికి ఫోను చేసినప్పుడు, తాను లైబ్రరీలో ఉన్నానని తల్లితో చెప్పి, పనిచేయుచున్నానని చెప్పుటకు సంకోచించువారు లేకపోలేదు. కుమారుడు చదువుకొనుచున్నాడని తల్లి సంతోషించును. ఆ సంకోచములోనే ఈ ప్రశ్న యొక్క సగము బరువు ఉన్నది.

ఈ పనిని హీనముగా ఎంచువారు ఒక సంగతిని జ్ఞాపకము చేసికొనవలెను. ప్రపంచమంతట గ్రంథాలయములు నేటికిని వాడుచున్న దశాంశ వర్గీకరణను మెల్విల్ డ్యూయీ 1873లో తలపెట్టినప్పుడు, అతడు ఆమ్‌హర్స్ట్ కళాశాలలో ఇంకను విద్యార్థియే. ఆ కళాశాల గ్రంథాలయములో సహాయకుడుగా పనిచేయుచుండెను. ఆ పద్ధతి 1876లో అచ్చయ్యెను. పుస్తకములను మోసిన చేతులే, వాటిని ఏ వరుసలో ఉంచవలెనో లోకమునకు నేర్పినవి.

విద్యార్థి పనివారిని సత్కరించుటకు అక్కడి గ్రంథాలయములు పలు మార్గములను అనుసరించుచున్నవి. ఏప్రిల్ నెలలో విద్యార్థి ఉద్యోగుల వారమును ఆచరించి విందు చేయుదురు. ఉత్తమ విద్యార్థి ఉద్యోగి అని ఒకరిని ఎన్నుకొని ప్రశంసాపత్రము నిత్తురు. పట్టము పుచ్చుకొని వెళ్లిపోవు విద్యార్థి ఒక గ్రంథమును ఎంచుకొనగా, దాని లోపలి అట్టపై అతని పేరు అచ్చువేసిన చీటిని అతికించు ఆచారమును అనేక చోట్ల కలదు. ఇవన్నియు మంచివే. అయితే వీటికి ఎదురుగా రెండు అభ్యంతరములు వినబడుచుండును. పనికి జీతమిచ్చితిమి గదా, ఇక ఋణమేమున్నదని మొదటిది. చేసిన మేలు రహస్యముగా ఉండవలెనని ప్రభువే సెలవిచ్చియుండగా ఈ సన్మానము లెందుకని రెండవది. మొదటిది లోకజ్ఞానము మాట. రెండవది భక్తి వేషము ధరించిన మాట.

ఈ రెంటిని పరీక్షించుటకు ఒక గ్రీకు పదము తోడ్పడును. మిస్థోస్ అను ఆ పదము కొత్త నిబంధనలో పలుమార్లు వచ్చును. ద్రాక్షతోట పనివారి ఉపమానములో తెలుగు బైబిలు దానిని కూలి అని చెప్పుచున్నది. లూకా సువార్త పదియవ అధ్యాయములో జీతమని చెప్పుచున్నది. కొండమీది ప్రసంగములో, ధర్మకార్యములను గూర్చిన చోట, ఫలమని చెప్పుచున్నది. మూడు తెలుగు మాటలు, మూలములో ఒకే మాట. తెలుగు చెవికి కూలి వేరు, బహుమానము వేరు. ఒకటి అంగడిలోనిది, రెండవది సభలోనిది. సువార్తికులు మాత్రము ఆ రెంటికిని నడుమ గోడ కట్టలేదు. చేసిన పనికి తగినది చేసినవానికి చేరుట అను ఒకే సత్యము రెండింటను ఉన్నది.

అయినను అపొస్తలుడైన పౌలు ఒక హద్దును స్పష్టముగా గీచెను. రోమా పత్రిక నాలుగవ అధ్యాయములో, పనిచేసినవానికి చెల్లించు జీతము ఋణమే గాని దానము కాదని అతడు తేల్చిచెప్పెను. అక్కడ అతని ఉద్దేశము కృపను వివరించుట; కాని వివరించుటకు ముందు జీతమేమిటో నిస్సందేహముగా స్థిరపరచెను. ఋణమును చెల్లించి కృప చూపితిననుకొనువాడు కృపను కూడ ఎరుగనివాడే. ఈ నియమము గ్రంథాలయములోను చెల్లును. గంటల లెక్క తగ్గించి, జీతమును ఆలస్యము చేసి, సంవత్సరాంతమున పిజ్జా విందు చేసి చప్పట్లు కొట్టినచో ఆ విందు సన్మానము కాదు, మరుగుపరచుట. ప్రొద్దు గ్రుంకకముందే కూలి ముట్టవలెనని ద్వితీయోపదేశకాండము విధించెను. బిగబట్టిన కూలి తానే మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించెను. అమెరికాలో 2009లో గంటకు 7.25 డాలర్లుగా నిర్ణయింపబడిన సమాఖ్య కనీస వేతనముతో ఒక విద్యార్థి గది అద్దెయు భోజనమును గడుపుకొనుట ఎంత కష్టమో ఎరిగినవాడు, ముందు జీతమును గూర్చియే ఆలోచించును. కృతజ్ఞత న్యాయము మీద నిలువవలెను. న్యాయమునకు బదులుగా నిలువరాదు.

అట్లయిన జీతము సరిగా చెల్లించిన పిమ్మట ఋణము తీరిపోయినదా? తీరలేదు. గంటలను జీతము కొనగలదు, నమ్మకమును కొనలేదు. ఎవరును చూడని మూడవ అంతస్తులో, సంఖ్యను మరల ఒకసారి సరిచూచి పుస్తకమును పెట్టిన విద్యార్థికిని, చూడకయే త్రోసివేసిన విద్యార్థికిని గంటకు ఇచ్చునది ఒకటే. ఆ భేదమును జీతపు పట్టీ చూపజాలదు. దానిని చూడగలది పై అధికారి కన్ను మాత్రమే. కనుక సన్మానమనగా జీతముపైన చల్లిన అలంకారము కాదు. జరిగిన పనిని గూర్చి నిజము చెప్పుటయే సన్మానము.

ఇక రెండవ అభ్యంతరము. ఎడమచేతికి తెలియనియ్యవద్దను ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడెను? మేలు చేయువానికి, మేలు పొందినవానికి కాదు. మనుష్యులు చూడవలెనని బూర ఊదించుకొనువారు తమ ఫలమును పొందియున్నారని ప్రభువు చెప్పినప్పుడు, ఆ కాలపు రసీదులలో పైకము పూర్తిగా ముట్టినదని వ్రాయుటకు వాడిన క్రియనే మత్తయి వాడెను. వారి లెక్క అక్కడితో చెల్లు. ఆ హెచ్చరిక తన్ను తాను ప్రదర్శించుకొనువానికి చేయబడినది. మేలు పొంది నోరు మూసికొనువానికి అది ఆశ్రయమియ్యదు. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైనప్పుడు, తిరిగివచ్చి కృతజ్ఞత తెలిపినవాడు ఒక్కడే. మిగిలిన తొమ్మండుగురు ఎక్కడనని అడిగిన ప్రభువే, రహస్యముగా ధర్మము చేయుమని చెప్పిన ప్రభువు. సేవకుని వినయమును చూపించి యజమానుడు తన కృతఘ్నతను కప్పుకొనుట లేఖనమును వంకరగా త్రిప్పుటయే.

అయితే ఏ విధమైన సన్మానము నిజము పలుకును? ఇరువదిమందిలో ఒకరిని ఉత్తముడని ఎన్నుకొను పద్ధతిలో ఒక అపాయము కలదు. పగటివేళ కౌంటరు నొద్ద నవ్వుచు మాటలాడు విద్యార్థి అందరి కంటను పడును. రాత్రివేళ బీరువాల నడుమ ఒంటరిగా పనిచేయువాడు ఎవరి కంటను పడడు. బహుమానము చాలమారులు పనిని గాక, పని కనబడిన చోటును సత్కరించును. అప్పుడు ఒకని మెడలో వేసిన దండ పందొమ్మిదిమందికి నిందగా తోచును. బహుమానము ఇయ్యదలచినవారు దేనికి ఇత్తురో ముందుగానే అందరికిని తెలియజేయవలెను. కనబడని పనిని పూనికతో వెళ్లి చూడవలెను. ఒకనికి ఇచ్చు బహుమానముతో మిగిలినవారి ఋణము తీరినదని ఎంచకూడదు. ఘనత లేని అవయవములకే అధిక ఘనత కలుగవలెనని కొరింథీయులకు పౌలు నేర్పిన వరుస ఇదియే.

బహుమానము పోల్చును, పేరు పోల్చదు. నెహెమ్యా గ్రంథపు మూడవ అధ్యాయము ప్రసంగికులు తరచుగా దాటిపోవు అధ్యాయము. అందులో ఉన్నదంతయు పేర్లును, ప్రాకారపు ముక్కలును మాత్రమే. ఎవడు ఏ గుమ్మమును బాగుచేసెనో, ఎవడు ఎవని ప్రక్కన కట్టెనో, ఎవడు తన కుమార్తెలతో కూడ పనిచేసెనో అక్కడ వ్రాయబడియున్నది. తెకోవీయుల అధికారులు పనికి మెడ వంచలేదను సంగతియు దాచబడలేదు. అందులో ఉత్తముడని ఎవనికిని బిరుదు లేదు. అయినను ఏ ఒక్కని పనియు ఇంకొకని పేరున వ్రాయబడలేదు. రోమా పత్రికను చేవ్రాతతో వ్రాసిన తెర్తియు, పత్రిక చివర తన పేరుతో వందనములు చెప్పెను. పౌలు ఆ మాటను కొట్టివేయలేదు. రక్షణ సిద్ధాంతమును అంత గంభీరముగా ప్రకటించు పత్రికలో వ్రాయసగానికి ఒక పంక్తి చోటు దొరకెను.

కెంటకీ రాష్ట్రములోని బెరియా కళాశాల ఈ సత్యమును కొంతవరకు ఆచరణలో పెట్టినది. బానిసత్వమును ఎదిరించిన బోధకుడు జాన్ గ్రెగ్ ఫీ 1855లో దానిని స్థాపించెను. లేఖనములను ప్రతిదినము పరిశోధించిన బెరయవారిని బట్టి ఆ ఊరికిని కళాశాలకును ఆ పేరు వచ్చెను. 1892 నుండి అక్కడ బోధన రుసుము లేదు. ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము 10 గంటలు పనిచేయవలెను. గ్రంథాలయము ఆ పనిచోట్లలో ఒకటి. అందరును పనిచేయుదురు గనుక పని ఎవనికిని సిగ్గు కాదు. పనిని విలువకట్టి, చదువుతో పాటు దానిని కూడ విద్యాభ్యాసములో భాగముగా ఎంచుదురు. అచ్చట పనిచేయువాడు దయకు పాత్రుడైన పేదవాడుగా గాక, పని నేర్చినవాడుగా బయటికి వచ్చును.

మన దేశములోను ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించిన కర్మవీర్ భావురావ్ పాటిల్, సంపాదించుచు చదువుకొనుటను మహారాష్ట్రలోని బీద పిల్లలకు మార్గముగా చూపెను. అయినను పుస్తకము చదువువాడు గొప్పవాడు, పుస్తకము మోయువాడు తక్కువవాడు అను తలంపు మన ఇండ్లలోనుండి ఇంకను తొలగలేదు. కులము నాటిన ఆ విత్తనము క్రైస్తవ గృహములలోను మొలచుచున్నది. వడ్రంగి పనిచేసిన ప్రభువును ఆరాధించు కుటుంబములో, కుమారుడు ట్రాలీ త్రోయుచున్నానని తల్లితో చెప్పలేకపోవుట విచారకరము.

ఇంతయు చెప్పిన తరువాత విద్యార్థి పక్షమున ఒక మాట మిగిలియున్నది. సన్మానము అందకపోయిన నేమి? యిర్మీయా నోటి మాటలను బారూకు చుట్టలో వ్రాసెను. రాజు దానిని కోసి అగ్నిలో వేయగా అతడు మరల మొదటినుండి వ్రాసెను. అలసి మూల్గిన ఆ వ్రాయసగానిని దేవుడు గొప్పవాటిని వెదకవద్దని మందలించెను. అయినను అతనిని పేరు పెట్టి పిలిచి, అతని ప్రాణమును కాపాడుదునని వాగ్దానము చేసెను. మనుష్యుల ఘనత నిలకడలేనిది. అమెరికా గ్రంథాలయ సంఘము ఒకప్పుడు డ్యూయీ పేరిట ఒక పతకమును నెలకొల్పెను. అతని జాతి ద్వేషమును, స్త్రీల యెడల అతని దుష్ప్రవర్తనను బట్టి 2019లో ఆ పేరును తొలగించుటకు ఆ సంఘమే తీర్మానించెను. మనుష్యులు ఇచ్చిన పేరును మనుష్యులు తీసివేయగలరు. కావున సన్మానమును కృతజ్ఞతతో పుచ్చుకొనవచ్చును గాని దానిమీద ఆనుకొని బ్రదుకరాదు.

పనిచేయువాడు మెప్పును వెదకకుండుట అతని భక్తి. పని చేయించుకొనువాడు మెప్పును బిగబట్టకుండుట అతని నీతి. ఈ రెండు తారుమారు కారాదు. మన సంఘములలో వేకువనే వచ్చి చాపలు పరచు యువకుడున్నాడు. పాటల కాగితములు జెరాక్సు తీయించి పంచు చెల్లెలున్నది. వేదాంత కళాశాల గ్రంథాలయములో చినిగిన అట్టలను అతికించు విద్యార్థి యున్నాడు. పిల్లలే గదా, దేవుని పనియే గదా అని వారి గంటలను ఉచితముగా తీసికొను పెద్దలు, జీతము ఋణమైన చోట జీతమియ్యవలెను. స్వచ్ఛందముగా అర్పించిన చోట, ఏమి చేసిరో ఎరిగి, పేరు పెట్టి, పదిమంది యెదుట చెప్పవలెను. ఆ విద్యార్థి వెళ్లిపోవునపుడు వ్రాసియిచ్చు యోగ్యతా పత్రములో, మంచివాడు అను ఊరక మాటకు బదులు, అతడు నమ్మకముగా చేసిన పనిని ఉన్నదున్నట్టు వ్రాయవలెను.

అప్పుడు రహస్యమందు చూచు తండ్రి చూచినదానిలో కొంచెమైనను ఆయన బిడ్డలు చూడనేర్చుకొందురు.