మద్దెల నిజముగా నోటిదైనచో?

ఆడలేక మద్దెల ఓడన్నట్లని మనలో నొక సామెత గలదు. పనిముట్టును నిందించువాడు సోమరియో చేతగానివాడో యని తలంచుట మనకు దీనివలన నలవాటైనది. కాని మద్దెల నిజముగా నోటిదే యైనచో? పనివాని చేయి నొచ్చినప్పుడు తప్పు చేతిదా, పనిముట్టుదా యని విచారించుట ధర్మవిచారమే.

ఫ్యాక్టరీలలో తీగలను బట్టి మెలిపెట్టు పట్టకారును జూడుడు. పిడి తిన్నగా నుండుటచే దానిని పనికి దగినట్లు త్రిప్పవలెనన్న మణికట్టును వంచక తప్పదు. వ్రేళ్లను గదలించు స్నాయువులు మణికట్టునం దిరుకుదారిని బోవును. వంచి బిగించినప్పుడవి యొరసికొనును. ఒక్కసారియైన హాని లేదు. దినమునకు వేలసారులైన నవి వాచి, ప్రక్కనున్న నరము నలిగి, చేయి తిమ్మిరెక్కును. 1970వ దశకమున అమెరికాలో ఎర్విన్ టిషావర్ అను శాస్త్రజ్ఞుడు, పిడినే వంచినచో మణికట్టు తిన్నగా నుండునని, పనివారి చేతిబాధలు తగ్గునని చూపెను. ఇనుమును వంచుటకు మారుగా మనుష్యుని వంచుట యంతవరకు నెవ్వరికిని వింతగా దోపలేదు.

అలవాటైన నొప్పి తెలియదని కొందరందురు. అలవాటు నొప్పిని మఱపించును గాని గాయమును మాన్పదు. పనివాడు జాగ్రత్తగా నుండవలెనని మఱికొందరందురు. చిల్లికుండ నిచ్చి నీరు కారనీయవద్దనుట యెట్టిదో యిదియు నట్టిదే. క్రొత్త పనిముట్లకు వ్యయమగునని యజమాను డనును. సత్యమే. కాని పాతవానికిని వ్యయమగుచునే యున్నది. అది పనివాని యెముకలలో వ్రాయబడుటచే యజమానుని లెక్కపుస్తకమున గానరాదు.

మన నేతయిండ్లలోను నిట్టి కథ గలదు. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో, మేకులచుట్టు దారమును ద్రిప్పుటకు, చీర యొక్కింటికి సుమారు 9,000 సారులు చేయి యాడవలయును. భుజములు నొచ్చుచున్న తల్లి లక్ష్మిని జూచి చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టెను. తల్లి యోర్పును గొనియాడి యూరకుండుట సులభము. ఆ కుమారుడు దానితో దృప్తి చెందలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, హాని కలిగించునంత బరువును పనివారిచే మోయింపరాదనెను. పెద్ద బరువు కంటికి గనబడును. వేలసారు లెత్తిన చిన్న బరువు గనబడదు. దానిని మోసినవానినే యడిగి తెలిసికొనవలయును.

ఇంతయు వ్రాసి నా యింటిని జూచుకొంటిని. మా పనిమనిషి ఇన్నియేండ్లుగా పొట్టి చీపురుతో నడుము వంచియే యూడ్చుచున్నది. ఆమె నడుమునొప్పికి తైల మిచ్చి దయగలవారమని సంతోషించితిమి. చీపురునకు పొడవైన కఱ్ఱ కట్టుద మన్నమాట మాలో నొక్కరికిని దోపలేదు. తైలము దయ, కఱ్ఱ న్యాయము. మొన్న కఱ్ఱ గట్టించి, ఎంత పొడవుండవలెనని ఆమెనే యడిగితిని. మొదటిసారి యడిగినందులకు సిగ్గుపడితిని.