రెండంగుళముల కొరత

పుణ్యక్షేత్రమునకు వచ్చిన యాత్రికునకు స్వామి దర్శనమునకు ముందుగా కనబడునది ఒక తల్లి. ఆలయ వీధి మొదట వెదురుబుట్ట ముందుంచుకొని ఆమె తులసిమాలలు కట్టుచుండును. ప్రక్కనే పరచిన గోనెపట్టాపై ఆమె బిడ్డ నిద్రించుచుండును. చేతులు దారమును ముడివేయుచుండును; నోరు మాల వెల చెప్పుచుండును; కన్నులు మాత్రము క్షణక్షణము బిడ్డవైపు మరలుచుండును. యాత్రికుడు మాల కొని, చిల్లర లెక్కించుకొని ముందుకు సాగిపోవును. ఆ మాలలోని ప్రతి ముడియు రెండు బాధ్యతల నడుమ పడినదని అతనికి తోచకపోవచ్చును.

ఇట్టి తల్లులు ఆలయ వీధులలోనే కాదు, ప్రతి ఊరను కలరు. తెల్లవారకముందే లేచి వీధి అరుగుపై ఇడ్లీలు వేసి అమ్ము తల్లి, పెరటిలో రెండు గేదెలను పెంచి వాడుకపాలు పోయు తల్లి, వేసవిలో ఆవకాయ కలిపి, అప్పడములు ఒత్తి అమ్ము తల్లి, వసారాలో కుట్టుమిషను త్రొక్కు తల్లి. వీరి వ్యాపారము చిన్నది. వీరి మనోవేదన చిన్నది కాదు. పనిలో నున్నపుడు బిడ్డను విడిచితినను బాధ. బిడ్డచెంత నున్నపుడు ఒప్పుకొన్న పని చెడిపోవునను భయము. పెండ్లివారు మాలలకు బయానా ఇచ్చిన నాడే బిడ్డకు జ్వరము తగులును. తల్లిగాను తక్కువైతిని, వ్యాపారమునను తక్కువైతిని అని ఆమె రాత్రివేళ తనలో తాను కుమిలిపోవును. ఈ వేదనకు పురాణములలో ఊరట కలదా? కలదు. శ్రీమద్భాగవతము, దశమ స్కంధము, తొమ్మిదవ అధ్యాయమున అది కలదు.

ఒకనాడు నందగోపుని ఇంట దాసీజనమంతయు వేరు పనులలో నుండగా యశోదాదేవి స్వయముగా పెరుగు చిలుకుటకు కూర్చుండెను. గొల్లపల్లెలో పాడియే జీవనాధారము. పాలు కాచుట, పెరుగు చిలుకుట, వెన్న తీయుట అచ్చటి స్త్రీలకు వేడుక కాదు, వృత్తి. ఆమె చేతులు కవ్వపుత్రాటిని లాగుచుండెను. నోరు బాలకృష్ణుని చేష్టలను పాడుచుండెను. అంతలో ఆకలిగొనిన బాలుడు వచ్చి కవ్వమును పట్టుకొనెను. తల్లి పని నిలిపి, బిడ్డను ఒడిలోనికి తీసికొని, నవ్వుమోము చూచుచు చన్నిచ్చెను. ఆ క్షణముననే పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డ కడుపు ఇంకను నిండలేదు. అయినను ఆమె వానిని దింపి వేగముగా పొయ్యివద్దకు పరుగెత్తెను.

లోకనాయకుని ఒడినుండి దింపి పాలకుండ కొరకు పరుగెత్తిన తల్లిని శుకమహర్షి నిందింపలేదు. ఆ పాలు మాత్రము ఎవరికొరకు, కృష్ణునికొరకే గదా యని పెద్దలు వివరింతురు. ఇచ్చట గ్రహింపవలసిన సూక్ష్మము కలదు. యశోద బిడ్డకును పాలకును తారతమ్యము నిర్ణయించుటకు కూర్చుండలేదు. ఆ క్షణమున ఏది పొంగుచున్నదో, ఏది ఆగజాలదో దానిని చూచెను. ఆకలి సగము తీరిన బిడ్డ కొంత తడవు ఓర్వగలడు. పొంగుచున్న పాలు ఓర్వజాలవు. పాలు దింపిన వెంటనే ఆమె మరలివచ్చెను. విడిచిపోవుట వేరు, దింపి మరలివచ్చుట వేరు. బిడ్డకు జ్వరము కాయుచున్న దినమున పొంగుచున్నది బిడ్డయే. ఆనాడు మాలలు ఆగవలెను. పెండ్లివారికి ముందుగానే కబురు చేసి, బయానా తిరిగి ఇచ్చివేయుటయే ధర్మము. బిడ్డ ఆరోగ్యముతో ఆడుకొనుచున్న దినమున ఒప్పుకొన్న పనికి చేయి ఇచ్చుట తప్పు కాదు. ఏది ముందు అను ప్రశ్నకు ప్రతిదినమును ఒకే సమాధానము వెదకు తల్లి అలసిపోవును. ఇప్పుడు పొంగుచున్నది ఏది అని చూచు తల్లికి దారి కనబడును.

తల్లి మరలివచ్చునప్పటికి కోపించిన బాలుడు పెరుగుకుండను రాతితో పగులగొట్టి, వెన్న తినుటకు లోపలికి పోయియుండెను. ఉదయమునుండి పడిన శ్రమయంతయు నేలపాలయినది. పాడివారికి అది నష్టమే. యశోద ఆ పగిలిన కుండను చూచి నవ్వెను. తరువాత, తిరుగవేసిన రోటిపై నిలిచి కోతికి వెన్న పెట్టుచున్న కుమారుని కనుగొని, కఱ్ఱ చేతబట్టి వెంబడించి పట్టుకొనెను. భయముతో కన్నులు నులుముకొను ఆ బాలుని మోము చూడగానే చేతికఱ్ఱను పారవేసెను. నష్టము వచ్చిన దినమున, గిరాకి లేని దినమున, అప్పులవాడు గుమ్మమెక్కిన దినమున తల్లి చేతికి కఱ్ఱ వచ్చుట సులభము. వ్యాపారమున కలిగిన వేడి బిడ్డ వీపుపై చల్లార్చుకొనరాదు. బిడ్డ కన్నులలో భయము చూచిన క్షణమున కఱ్ఱ పారవేయుటయే యశోదామార్గము.

పిదప ఆమె వానిని రోటికి కట్టబూనెను. త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. మరియొక త్రాడు ముడివేసెను. మరల రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్ళన్నియు కూర్చినను ఆ కొరత తీరలేదు. గోపికలు నవ్విరి, యశోదయు నవ్వుచు ఆశ్చర్యపడెను. చిన్న వ్యాపారము నడుపు ప్రతి తల్లియు ఎరిగినది ఈ కొరతయే. ఆమె ఎంత ప్రొద్దున లేచినను దినము రెండు గడియలు తక్కువ. ఎంత పొదుపు చేసినను నెలాఖరున కొన్ని రూపాయలు తక్కువ. ఇంకొక త్రాడు కలిపినను ఆ కొరత అట్లే నిలుచును. ఇది తన అసమర్థత యని ఆమె తలచును. భాగవతము అట్లు చెప్పలేదు. జగన్మాతయని కీర్తింపబడు యశోదకే త్రాడు చాలలేదు.

ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని పరిశ్రమ, రెండవది భగవంతుని కృప యని వ్యాఖ్యాతల వివరణ. పరిశ్రమ లేనిదే కృప రాదు. పరిశ్రమ యొక్కటియే కట్టును ముడివేయజాలదు. మరి ఆ కృప ఏ క్షణమున కలిగెను? తల్లి దేహము చెమటతో తడిసెను. కొప్పున ముడిచిన పూలు జారెను. కృష్ణుడు ఆ అలసటను చూచెను. చూచి, దయతో తానే కట్టుబడెను. ఆమె స్తోత్రము చేయలేదు, వరము కోరలేదు. ఆమె అలసటయే ఆమె ప్రార్థన. ఇట్టి అనుగ్రహము బ్రహ్మకు గాని, శివునకు గాని, వక్షస్స్థలవాసినియైన లక్ష్మికి గాని లభింపలేదని శుకుడు పలికెను. ఈ సౌలభ్యమును తలచి నమ్మాళ్వారు ఆరు మాసములు మైమరచియుండెనని శ్రీవైష్ణవ సంప్రదాయము చెప్పుచున్నది. మధురకవి ఆళ్వారు తన ప్రబంధమును ఆ చిన్నత్రాటితోనే ప్రారంభించెను.

కృప చూచుటతో మొదలైనదను ఈ విషయము గృహస్థులందరు మనసున నిలుపుకొనదగినది. ఇంటిలోని ఇల్లాలు రాత్రి పొద్దుపోయిన పిదప లెక్కలు వ్రాసికొనుచుండగా, తెల్లవారకముందే మరల పిండి రుబ్బుచుండగా, ఆమె చెమటను చూచువారెవరు? భర్త చూడవలెను, అత్తమామలు చూడవలెను, ఎదిగిన బిడ్డలు చూడవలెను. నాడు యశోదకు చేయూతగా దాసీజనము లేరు. గోపికలు చుట్టును నిలిచి నవ్విరేగాని త్రాడు పట్టినట్లు చెప్పబడలేదు. నేటి ఇంటివారు చూచి నవ్వువారుగా మిగులరాదు. భర్త ఒకపూట బిడ్డను ఎత్తుకొనిన, అత్తగారు ఒక గడియ పొయ్యివద్ద నిలిచిన, ఆ రెండంగుళములు వారి చేతులనుండియే వచ్చును. భగవత్కృప ఆకాశమునుండియే దిగవలెనను నియమము లేదు, పక్కగదిలోనుండియు రావచ్చును.

కథ అచ్చట ముగియలేదు. బిడ్డను కట్టిన యశోద మరల ఇంటిపనులలో మునిగెను. ఆ సమయమున కృష్ణుడు రోటిని ఈడ్చుకొనిపోయి రెండు మద్దిచెట్లను కూల్చి, నలకూబర మణిగ్రీవులకు శాపవిమోచనము కలిగించెను. ఆ ధ్వనికి నందుడు మొదలగువారు భయముతో పరుగెత్తివచ్చిరి. తాను పనిలో నుండగా బిడ్డకేమగునో యను ప్రతి తల్లి భయమును ఈ ఘట్టము ఎరుగును. భగవంతుడే కాపాడునని పసివానిని ప్రమాదమునకు వదలుట భక్తి కాదు; కనిపెట్టుటకు ఒకరుండవలెను. ఆనాడు నందుడు తల్లిని దూషింపలేదు. ‘నీవెక్కడ నుంటివి’ అని అడిగినట్లు భాగవతమున లేదు. నవ్వుమొగముతో వచ్చి కుమారుని కట్లు విప్పెను. కట్టినది తల్లి, విప్పినది తండ్రి. బిడ్డను పెంచుట ఇరువురి పని యనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి కావలెనా?

ఇక వ్యాపారము తల్లి ధర్మమునకు తగినదా యని శంకించువారు కలరు. వాణిజ్యమును భగవద్గీత స్వభావజకర్మలలో ఒకటిగా పదునెనిమిదవ అధ్యాయమున పేర్కొని, తన కర్మచేత భగవంతుని అర్చించినవాడు సిద్ధిని పొందునని చెప్పినది. తనను ఆశ్రయించిన స్త్రీలు, వైశ్యులు, శూద్రులు అందరును పరమగతిని పొందుదురని తొమ్మిదవ అధ్యాయమున స్వామియే అభయమిచ్చెను. మహాభారతము శాంతిపర్వమున కాశీవాసియైన తులాధారుడు రసద్రవ్యములను, సుగంధములను అమ్మెడి వర్తకుడు. మద్యమును మాత్రము అమ్మడు. అతని త్రాసు సర్వభూతములకు సమము. ఘోరతపస్సు చేసిన జాజలి ధర్మము తెలిసికొనుటకు ఆ వర్తకునికడకే రావలసివచ్చెను.

తులాధారుని త్రాసు తల్లి చేతిలో నున్నపుడు దాని విలువ ఇనుమడించును. ఏలయన, ఆ త్రాసుప్రక్కనే ఆమె బిడ్డ పెరుగుచున్నాడు. పాలలో నీరు కలిసినదో లేదో వాడు చూచును. తూకము మొగ్గినదో తగ్గినదో చూచును. పేదరాలు చిల్లర తక్కువై నిలిచినపుడు తల్లి ఏమి పలికెనో వినును. పని బిడ్డను తననుండి దూరము చేయునని తల్లి భయపడును గాని, నిజాయితీగా నడచు చిన్న దుకాణము బిడ్డకు మొదటి బడి.

దశమ స్కంధము పదునొకండవ అధ్యాయమున పండ్లమ్ము స్త్రీ కథ కలదు. పండ్లు కొనుడను కేక విని, సర్వఫలప్రదుడైన బాలకృష్ణుడు దోసిట ధాన్యము తీసికొని పరుగెత్తెను. చిన్ని చేతులనుండి గింజలు దారిలోనే జారిపోయెను. ఆమె మిగిలిన గింజలను లెక్కింపక ఆ రెండు చేతులనిండ పండ్లు పెట్టెను. ఆమె బుట్ట రత్నములతో నిండెను. ఆమెకు బిడ్డలున్నారో లేదో పురాణము చెప్పలేదు; మాతృహృదయమున్నదని మాత్రము చూపినది. లెక్క తెలియుట వ్యాపారము. ఎచ్చట లెక్క మానవలెనో తెలియుట మాతృత్వము. ఈ రెండును ఒక్క బుట్టలో ఇముడగలవని ఆ పండ్లమ్మి నిరూపించినది.

ఒంటరిగా చాలని త్రాడు పలువురు కలిసిన చాలుననుటకు లోకమునను దృష్టాంతము కలదు. 1959వ సంవత్సరమున బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడములు చేయుట ప్రారంభించిరి. లిజ్జత్ పాపడ్ అను పేర దేశమంతట వ్యాపించినది ఆ ప్రయత్నమే. పిండిని కేంద్రమున కలిపి ఇచ్చుట, స్త్రీలు ఇంటికి తీసికొనిపోయి, బిడ్డలను చూచుకొనుచునే అప్పడములు ఒత్తుట, ఆరినవానిని మరల కేంద్రమునకు చేర్చుట అచ్చటి పద్ధతి. ఇల్లు విడువక పని, పని విడువక ఇల్లు. ఆంధ్రదేశమున డ్వాక్రా సంఘముల తల్లులు పొదుపు సొమ్ము కూర్చి ఒకరికొకరు ఆసరాయగుటయు ఇట్టిదే. ఒకరి త్రాటికి మరియొకరు ముడివేయుటయే సంఘము.

కేశవాది ద్వాదశనామములలో చివరిది దామోదరనామము. దామమనగా త్రాడు, అది ఉదరమున కలవాడు దామోదరుడు. పరమాత్మ ఎన్ని విజయములు సాధించినను, పనిలో అలసిన తల్లి కట్టిన త్రాటిగురుతును తన పేరుగా ధరించెను. వైష్ణవుడు ద్వాదశోర్ధ్వపుండ్రములను ధరించునపుడు ఈ నామమును ప్రతిదినము తలచుచున్నాడు. తిరుప్పావై ఐదవ పాశురమున గోదాదేవి, తల్లి కడుపును వెలిగించినవానిగా ఈ దామోదరునే కీర్తించినది. కార్తికమాసమున దీపము వెలిగించు ప్రతి ఇల్లాలును దామోదరుని స్మరించునపుడు, ఆయన ఏ అలసటకు లోబడెనో దానిని కూడ స్మరించుట మేలు.

కనుక బుట్టప్రక్కన బిడ్డను పరుండబెట్టుకొనిన తల్లి కుమిలిపోవలదు. త్రాడు చాలకుండుట దోషము కాదు. త్రాడు విడుచుట మాత్రమే దోషము. పొంగుచున్నదానిని ముందు దింపి, బిడ్డకడకు మరలివచ్చి, పగిలినదానిని చూచి నవ్వగలిగి, కఱ్ఱను పారవేయగలిగిన తల్లి ఎచ్చట కూర్చున్నను అది నందవ్రజమే. మాల కొను యాత్రికుడు, ఆ ఇంటి యజమాని, ఆ వీధి ఇరుగుపొరుగు తలకొక అంగుళము కలిపినచో మిగిలినదానిని దామోదరుడు తానే పూరించును.