తేదీ చెప్పలేని రోగి

“మీ పేరేమిటి? ఎప్పుడు పుట్టారు? ఇప్పుడెక్కడున్నారు? ఈ రోజు తేదీ ఎంత?”

ప్రియ పాఠకులారా, వీటికి మీరు తడుముకోకుండా జవాబు చెబుతారు. తలకు బలమైన దెబ్బ తగిలి, అప్పుడే స్పృహలోకి వచ్చిన మనిషి చెప్పలేకపోవచ్చు. కళ్లు తెరుస్తాడు, తల్లిని గుర్తుపడతాడు. కాని ఉదయం వచ్చి వెళ్లిన తమ్ముణ్ణి సాయంత్రానికి మరచిపోతాడు. ఈ అయోమయ దశ ఎంత ఎక్కువ కాలం సాగితే కోలుకోవడం అంత కష్టమని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. 1979లో అమెరికాలోని గాల్వెస్టన్ వైద్యులు ఇలాంటి ప్రశ్నలతో నూరు మార్కుల పరీక్ష ఒకటి తయారుచేశారు. 75 దాటితే రోగి తెప్పరిల్లుతున్నట్టు లెక్క.

మరి ఆ మార్కు చేతికి వచ్చాక దానితో ఏం చేయాలి?

కొందరు భక్తిపరులు, “అంతా దేవుని చేతిలో ఉంది, లెక్కలెందుకు?” అంటారు. నేను ఒప్పుకోను. ఇంటాయన మళ్లీ ఆటో నడపగలడా, లేడా అన్నది తెలియకుండా ఆ ఇల్లాలు అప్పు చేయాలా? తెలిసిన మేరకు ఆమెకు చెప్పకపోవడం దయ అనిపించుకోదు.

నా భయం మరొకటి. కెనడాలో తలకు తీవ్రంగా దెబ్బ తగిలిన 720 మంది గురించి 2011లో ఒక పరిశోధన వెలువడింది. వారిలో 228 మంది ఆసుపత్రిలోనే మరణించారు. ఆ మరణాల్లో నూటికి 70 వరకు ప్రాణాధార చికిత్స ఆపిన తరువాత సంభవించినవే. వాటిలోనూ దాదాపు సగం మొదటి మూడు రోజుల్లోనే! వాళ్లు ప్రశ్నలకు జవాబు చెప్పే స్థితిలో లేనివారే, నిజమే. అయినా చిక్కు ఒక్కటే. “ఇతడు కోలుకోడు” అని చికిత్స ఆపుతారు, అతడు చనిపోతాడు, ఆ చావు మన అంచనాకు రుజువుగా లెక్కలోకి ఎక్కుతుంది.

భరించలేనంత భారమైన అసాధారణ చికిత్సను కొనసాగించే బాధ్యత లేదని 12వ పయస్ పోపుగారు 1957లోనే వైద్యులతో అన్నారు. కనుక ఆపిన ప్రతివారినీ పాపులనలేము. నా తగాదా తొందరతోనే.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. మన పల్లె అవ్వను, తలకు ఏ దెబ్బా లేనప్పుడే, తేదీ అడిగి చూడండి. “అమావాస్య వెళ్లి మూడో రోజు” అంటుంది. కొడుకు ఎప్పుడు పుట్టాడంటే “దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు” అంటుంది. 1977 అని ఆమె చెప్పదు. మార్కులు పోయినట్టేనా? పైగా ఆ పరీక్ష ఒకసారి పెట్టి తీర్పు చెప్పేందుకు పుట్టినది కాదు. రోజూ అడిగి, మార్పు గమనించడానికి పుట్టింది.

లూకా సువిశేషంలోని సమరీయుడు కొన ఊపిరితో పడివున్నవాడు బ్రతుకుతాడో లేదో చూసుకుని గాయాలు కట్టలేదు. అలాగని ఖర్చు సంగతి మరచినవాడూ కాదు. పూటకూళ్లవానికి రెండు దీనారాలు ఇచ్చాడు, మిగతాది తిరిగి వచ్చినపుడు ఇస్తానన్నాడు.

మీ ఇంటివారికే ఈ గతి పడితే వైద్యుణ్ణి నెమ్మదిగా అడగండి: ఈ పరీక్ష దెబ్బ తగిలిన ఎన్నో రోజున పెట్టారు? ఏ భాషలో అడిగారు? మళ్లీ ఎప్పుడు చూస్తారు?