మెఫీబోషెతు పొలము

ధ్యాన భాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము, 16:1–4, 19:24–30



యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు 5 ఏండ్ల పసివాడై యుండగా దాది అతనిని ఎత్తుకొని పారిపోవుచు జారవిడిచెను. ఆనాటినుండి అతని రెండు కాళ్లును కుంటివాయెను. దావీదు రాజైన పిమ్మట యోనాతానుతో చేసిన నిబంధనను జ్ఞాపకము చేసికొని, అతనిని లోదెబారునుండి పిలిపించి, తాతయైన సౌలు భూమి యంతయు తిరిగి ఇచ్చి, తన బల్లయొద్ద భోజనమునకు కూర్చుండబెట్టెను. అయితే కాళ్లులేనివాడు పొలము ఎట్లు సాగుచేయగలడు? గనుక సౌలు సేవకుడైన సీబాకు ఆ పని అప్పగింపబడెను. సీబాకు 15 మంది కుమారులును 20 మంది దాసులును ఉండిరి. భూమి మెఫీబోషెతుది, చేతులు సీబావి.

ఒకని ఆస్తిని మరియొకని చేతికి అప్పగించు పత్రమునే నేడు మనము పవర్ ఆఫ్ అటార్నీ అనుచున్నాము. అది పాపపు కాగితము కాదు. మన శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో బిడ్డలు విశాఖపట్నమునకో, హైదరాబాదునకో, గల్ఫు దేశములకో బ్రతుకుతెరువుకై పోగా ముసలివారు ఇంటివద్ద మిగిలియున్నారు. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధితో డయాలసిస్ మంచము పట్టినవారు కచేరీల చుట్టు తిరుగజాలరు. అట్టివారికి నమ్మకమైన చేయి ఒకటి కావలెను. యోసేపు పోతీఫరు ఇంట సమస్తమును తన చేతిలో ఉంచుకొనియు, తనకు అప్పగింపబడనిది ఏదో ఎరిగి దానిని ముట్టకపోయెను. నమ్మకమైన చేతికి గురుతు అదియే.

సీబా చేయి అట్టిది కాదు. అబ్షాలోము తిరుగుబాటు చేసి దావీదు పారిపోవుచుండగా, సీబా రెండు గాడిదలమీద 200 రొట్టెలును ద్రాక్షారసపు తిత్తియు వేసికొని దారిలో ఎదురుపడెను. నీ యజమానుడెక్కడ అని రాజు అడుగగా, తన తాత రాజ్యము తనకు వచ్చునను ఆశతో యెరూషలేములోనే ఉండిపోయెనని చెప్పెను. ఆ మాట నమ్మి రాజు ఆ క్షణముననే మెఫీబోషెతు ఆస్తి యంతయు సీబాకు ఇచ్చివేసెను. ప్రియులారా, గమనించుడి. సేవచేయు చేయి నెమ్మదిగా సొంతదారు చేయి ఆయెను. దావీదు అంతటి నీతిపరుడు సహితము కుంటివానిని ఒక్క మాట అడుగలేదు. తీర్పు దారిలో జరిగెను, బాధితుడు ఇంటిలో ఉండెను.

నేడును ఇట్లే జరుగుచున్నది. పింఛను పనికని, బ్యాంకు పనికని చెప్పి అవ్వచేత వేలిముద్ర వేయించుకొందురు. ఆ కాగితములో పొలము అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు అధికారము వ్రాసియుండును. చూపు తగ్గిన తాతగారి యెదుట ఖాళీ స్టాంపు కాగితము పెట్టుదురు. అన్యులు కారు, అన్నము పెట్టు చేతులే ఆ పని చేయును. అందుచేతనే వృద్ధులు నోరు మెదపరు. రేపు గంజి ఎవరు పోయుదురను భయము వారిని మూగవారిని చేయును.

మన దేశపు చట్టము ఈ విషయములో ఏమి చెప్పుచున్నదో విశ్వాసులు తెలిసికొనుట మంచిది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, అధికారము పుచ్చుకొన్నవాడు అడిగినప్పుడెల్ల లెక్క చెప్పవలెను. అధికారము ఇచ్చినవారు సాధారణముగా దానిని రద్దుచేయవచ్చును. అయితే రద్దు సంగతి పుచ్చుకొన్నవానికిని, అతనితో లావాదేవీ చేయువారికిని తెలియజేయవలెను. ఇచ్చినవారు మరణించినను, మతి తప్పినను సాధారణముగా ఆ అధికారము ముగియును. కావున జ్ఞాపకశక్తి పూర్తిగా పోయి, ఏమి వ్రాసిరో గ్రహింపలేని తల్లిచేత వేలిముద్ర వేయించుట ధర్మమును కాదు, చట్టమును కాదు. కేవలము జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వలన భూమిమీద హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేటగా చెప్పెను. మంచము దిగలేనివారిని రిజిస్ట్రారు కచేరీకి మోసికొని పోనక్కరలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము ఆ అధికారి ఇంటికే వచ్చి విచారింపవచ్చును, లేక కమిషను పంపవచ్చును.

చూచుకొందుమను షరతుపై 60 ఏండ్లు నిండినవారియొద్ద ఆస్తి వ్రాయించుకొని, పిమ్మట కూడు గుడ్డ చూడనియెడల, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను క్రింద ఆ దస్తావేజును రద్దుచేయించుకొనవచ్చును. ఆ షరతు దస్తావేజులోనే వ్రాయించుట క్షేమము. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కుమారునికి వ్రాసిన దానపత్రమును ఈ చట్టము క్రిందనే రద్దుచేసెను. ఆర్.డి.ఒ. యొద్దనున్న ట్రిబ్యునలులో అర్జీ ఇయ్యవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567, న్యాయ సహాయమునకు 15100 నంబరులు కలవు. స్త్రీలకును వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము దొరకును.

అయితే చట్టము పిలిచినప్పుడే వచ్చును. సంఘము పిలువకుండనే పోవలెను. కావున మనము చేయవలసిన మూడు పనులు చెప్పుచున్నాము.

మొదటిది, వినుట. ఏ వృద్ధురాలైనను, రోగియైనను పత్రము వ్రాయనున్నారని తెలిసినయెడల, పుచ్చుకొనువారు ప్రక్కన లేనప్పుడు వారితో ఏకాంతముగా మాటలాడుడి. “అమ్మా, ఇది నీ ఇష్టమేనా? ఇందులో ఏమి వ్రాసియున్నది?” అని అడుగుడి. దావీదు విడిచిన ప్రశ్న అదియే.

రెండవది, సాక్షి సంతకము. సంఘ పెద్దయని గౌరవించి మనలను సాక్షిగా పిలుతురు. చదువని కాగితముమీద సంతకము చేయుట, చూడని వేలిముద్రకు సాక్షి యగుట, తొమ్మిదవ ఆజ్ఞను మీరుటయే. పత్రమును బిగ్గరగా చదివి వినిపింపనిదే కలము పట్టకుడి.

మూడవది, హద్దు. సమస్త అధికారము ఇయ్యకుడి. ఏ పనికి, ఎంత కాలమునకు అని వ్రాయించి, అమ్ముటకు అధికారము లేదని స్పష్టపరచుడి. లెక్క చూచుటకు మరియొక బిడ్డనో బంధువునో ఉంచుడి. నమ్మకస్థుడు లెక్కకు జంకడు. లెక్క అతని పేరును కూడ కాపాడును.

చివరగా ఒక మాట. దావీదు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు కాళ్లు కడుగుకొనక, గడ్డము కత్తిరించుకొనక ఎదురువచ్చి, తన దాసుడు తనను మోసగించెనని చెప్పెను. నిజము తెలిసియు రాజు పొలమును చెరిసగము చేసెను. చేజారిన భూమి సంపూర్ణముగా తిరిగి రాదని ఇందువలన నేర్చుకొందము. అప్పుడు మెఫీబోషెతు, రాజు క్షేమముగా వచ్చెను గనుక అంతయు సీబాయే తీసికొననిమ్మనెను. ఈ మాటను చూపి, మోసపోయిన విధవరాలితో “పోనీలే అమ్మా, నీకు పరలోకములో ఉన్నది” అని చెప్పి పంపివేయువారు కలరు. అట్లు చేయకూడదు. ఆ ఔదార్యము మెఫీబోషెతు తనంతట తాను చూపినది. దానిని అతనియొద్ద అడుగు హక్కు రాజునకే లేదు, మనకెక్కడిది? ఆమె క్షమించుట ఆమె చేతిలో ఉన్నది. ఆమె పక్షమున నిలుచుట మన చేతిలో ఉన్నది.

ఈ మాసములో ప్రతి సంఘమును తన మధ్యనున్న మంచము పట్టినవారి, చూపులేనివారి, ఒంటరివారి పేరులు వ్రాసికొని, ఒక్కొక్క గడపకు పోయి, కూర్చుండి వినును గాక. బలహీనుల పొలిమేరలను కాయు దేవుడు మన చేతులను నమ్మకమైనవిగా చేయును గాక. ఆమేన్.