మనశ్శాంతిని కోరి ధ్యానించుట తగునా?

భగవద్ధ్యానము మోక్షసాధనమని పెద్దలు నిర్ణయించియున్నారు. అట్టి ధ్యానమును దిగులు పోవుటకు, రాత్రి నిద్ర పట్టుటకు, కోపము తగ్గుటకు, దినమంతయు ఉల్లాసముగా నుండుటకు వినియోగించుకొనవచ్చునా? ఈ ప్రశ్న నేడు పెక్కు వైష్ణవ గృహములలో వినవచ్చుచున్నది. ఇది మాణిక్యము నిచ్చి గాజుపూసను కొనుట వంటిదని కొందరు పెద్దలందురు. మనస్సునకు సుఖము నియ్యని ధ్యానమెందులకని పిన్నవారందురు. ఉభయుల మాటలయందును కొంత సత్యము కలదు. అది ఎంతవరకన్నది విచారింపవలసియున్నది.

విచారమునకు ఒక తావును ఎన్నుకొనుట మంచిది. గాలిలో చేసిన విచారము గాలిలోనే పోవును. వికారాబాదు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దు నానుకొని బషీరాబాద్ మండలము కలదు. సికింద్రాబాదు నుండి తాండూరు మీదుగా వాడికి పోవు రైలుమార్గము ఈ సీమ గుండా సాగును. తెలుగు, కన్నడము, ఉరుదూ మూడును ఇక్కడి సంతలో ఒక్క వాక్యముననే కలిసిపోవుచుండును. ఈ ప్రాంతపు నేల మనుష్యులను రెండు విధములుగా పోషించును. పైన కంది పండును, క్రింద పొరలు పొరలుగా నాపరాయి దొరకును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. తాండూరు బండలు ఎన్నియో ఊళ్లలో ఇండ్లకు నేలయై పరచుకొన్నవి.

కంది చాల నెలల పంట. తొలకరిలో విత్తినవాడు పుష్యమాసము దాక ఆకాశమును చూచుచు నుండవలెను. పూత సమయమున మబ్బు పట్టినను భయమే, వాన లేకున్నను భయమే. ఎండు తెగులు సోకునా, పురుగు కాయను తొలుచునా, అంగడిలో ధర నిలుచునా అని చింత. చేను ఎదుటనే యున్నను అతని మనస్సు చేనిలో నుండదు. అది రాబోవు మాసములలో, తీర్పవలసిన అప్పులో తిరుగుచుండును. బండల గనిలో పనిచేయువాని స్థితి వేరొక విధము. దినమంతయు ఎండ, దుమ్ము, సుత్తి దెబ్బ. ఇంటికి వచ్చిన పిదప శరీరము పడిపోవును గాని మనస్సు పడుకొనదు. ఇట్టి వారితో "ధ్యానము చేయుము, ఆనందము కలుగును" అని చెప్పుట ధర్మమా, లేక తీరిక గలవారు తీరిక లేనివారికి చెప్పు తియ్యని మాటయా? అసలు ప్రశ్న ఇదియే.

మొదట మనస్సు సంగతి. గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణుడు ధ్యానయోగమును ఉపదేశింపగా, అర్జునుడు వెంటనే తన అశక్తతను చెప్పుకొన్నాడు. మనస్సు మిక్కిలి చంచలమైనదనియు, దానిని నిలుపుట గాలిని పట్టుకొనుట వలె కష్టమనియు అతని మొర. గాండీవమును ధరించినవాడే ఈ మాట అన్నాడు! భగవానుడు అతనిని కోపింపలేదు. నిజమే, కష్టమే యని ఒప్పుకొని, అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది వశమగునని చెప్పెను. దానికి కొంచెము ముందే, అతిగా తినువానికి, బొత్తిగా తిననివానికి, అతినిద్ర గలవానికి, నిద్రయే లేనివానికి ఈ యోగము సిద్ధింపదని కూడ చెప్పియున్నాడు. అనగా దేహమును విడిచి మనస్సును మాత్రమే బాగుచేయు మార్గము గీతలో లేదు. ఈ మాటను మన ధ్యానోపదేశకులు తరచు దాటవేయుదురు.

మనస్సు తిరుగుడునకును సుఖమునకును గల సంబంధమును ఈ కాలపు శాస్త్రజ్ఞులును కొలిచి చూచిరి. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు పరిశోధకులు 2010లో ప్రకటించిన అధ్యయనమున, 2,250 మంది పెద్దలను చేతి ఫోనుల ద్వారా వేళ గాని వేళలలో పలుకరించి, అప్పుడు ఏమి చేయుచున్నారో, మనస్సు ఎక్కడ నున్నదో, ఎంత సంతోషముగా నున్నారో అడిగిరి. మేలుకొనియున్న కాలములో దాదాపు 47 శాతము మనస్సు చేయుచున్న పనిలో లేదని తేలెను. మనస్సు తిరుగుచున్నప్పుడు మనుష్యుడు తక్కువ సంతోషముగా నుండెను. విచిత్రమేమనగా, మనస్సు ఇంపైన సంగతుల మీదికి పోయినప్పుడును, చేయు పనియందే నిలిచినప్పటి కంటె ఎక్కువ సంతోషము కలుగలేదు. కంది ధర బాగుగా పలికినట్లు ఊహించుకొనుచు కలుపు తీయువాడు, ఊరక కలుపు తీయువాని కంటె సుఖపడుట లేదన్నమాట.

అయిననూ వైష్ణవ సంప్రదాయములో ధ్యానమనగా మనస్సును ఖాళీ చేయుట కాదు. శ్రీభాష్యమున భగవద్రామానుజులు ధ్యానమును నూనెధార వలె తెగని స్మృతిగా నిరూపించిరి. ఆ స్మృతి ప్రీతిరూపమైనదే భక్తి. నీటిని పోసినచో చుక్కలు చుక్కలుగా చెదరును, నూనె ఒక్క తీగెయై జారును. తలచుకొనుటకు ఒకరుండవలెను, వారియందు ప్రేమ యుండవలెను. శూన్యమును ప్రేమించుట ఎవరికిని శక్యము కాదు. భాగవతము భగవద్రూపమును పాదములతో మొదలుపెట్టి చిరునవ్వు గల ముఖము వరకు ఒక్కొక్క అవయవముగా తలచుమని చెప్పుచున్నది. తిరుప్పాణాళ్వారు శ్రీరంగనాథుని గూర్చి పాడిన పది పాశురములును పాదములనుండి కన్నులవరకు అట్లే సాగును.

బషీరాబాద్ వారికి ఇట్టి రూపము దూరమున లేదు. జిల్లాలోనే అనంతగిరి మీద అనంతపద్మనాభస్వామి వెలసియున్నాడు. కార్తికమాసపు జాతరకు చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము తరలివత్తురు. ఆ గుంపులో దర్శనమునకు దొరకునది క్షణమే. కాని ఆ క్షణమున పాదములను, ముఖమును బాగుగా చూచుకొని ఇంటికి తెచ్చుకొన్నవానికి సంవత్సరమంతయు సరిపడు సంబారము దొరకినట్లే. చూడక ఫోనులో బొమ్మ తీసికొని వచ్చినవానికి బొమ్మ మాత్రమే మిగులును.

అనంతగిరి కొండలలో మూసీ పుట్టి తూర్పుగా హైదరాబాదు నగరము గుండా పోయి వాడపల్లి కడ కృష్ణలో కలియును. ఆ కొండల నీటినే అందుకొన్న కాగ్నా పడమటికి తిరిగి, తాండూరు సీమను తడిపి కర్ణాటకలో ప్రవేశించి భీమానదిలో కలిసి, భీమతో కూడ కృష్ణనే చేరును. ఆ కాగ్నా ఒడ్డుననే దిగువన మళ్ఖేడ కలదు. అది ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటము. న్యాయసుధను రచించిన టీకాచార్యులు జయతీర్థుల బృందావనము అక్కడ నున్నదని ఉత్తరాది మఠము వారు సేవించుచున్నారు. మాధ్వులు శ్రవణ మననములు లేని ధ్యానమును అంగీకరింపరు. ముందు వినవలెను, విన్నదానిని తర్కించి నిశ్చయించుకొనవలెను, పిమ్మటనే ధ్యానింపవలెను. దేనిని ధ్యానించుచున్నామో తెలియకయే కన్నులు మూసికొనుట ఈ కాలమున ప్రబలినది గనుక ఈ మాటను జ్ఞప్తి యందుంచుకొనుట మేలు.

ఇక మొదటి ప్రశ్న. మనశ్శాంతిని కోరి భగవంతుని తలచుట అల్పమా? గీత ఏడవ అధ్యాయమున భగవానుడు తన్ను భజించువారిని నాలుగు విధములుగా చెప్పుచు, ఆర్తుని కూడ అందు చేర్చెను. జ్ఞాని తనకు ఆత్మవంటివాడనియు చెప్పెను, అయినను నలుగురును ఉదారులే యనెను. దుఃఖము పోగొట్టుమని వచ్చినవాని చేయి భగవంతుడు పట్టుకొనును గాని, ముందు జ్ఞానివై రమ్మని పంపివేయడు. కావున దిగులుతో కూర్చుండి నామమును తలచువానిని గాజుపూసలు కొనువాడని ఎత్తిపొడుచుట పెద్దలకు తగదు.

అయితే ఆ పెద్దల సంశయములో ఒక బలమైన సంగతి దాగియున్నది. ఒక గని యజమాని ప్రాతఃకాలమున గంటసేపు ధ్యానించి ప్రశాంతుడగును. సాయంకాలము కూలి ఇయ్యవలసిన దినమున ఇయ్యక, అదే ప్రశాంతతతో, చిరునవ్వుతో రేపు రమ్మనును. అతనికి మనస్సు కుదుటబడిన మాట నిజమే. కూలివాని ఇంట మాత్రము ఆ రాత్రి పొయ్యి వెలుగలేదు. ఇట్టి శాంతిని ఏమనవలెను? గీత ఆరవ అధ్యాయమే దీనికి సమాధానము చెప్పుచున్నది. ఇతరుల సుఖదుఃఖములను తనవానితో పోల్చి సమముగా చూచువాడే శ్రేష్ఠుడైన యోగి యని అక్కడ నిర్ణయము. ఆసనము ఎట్లు వేయవలెనో చెప్పిన అధ్యాయమే ఇదియు చెప్పినది. ధ్యానించువాని సంతోషము సరియైనదా కాదా యన్నది అతడు లేచిన తరువాత ఇంటివారిని, పనివారిని అడిగి తెలిసికొనవలసినదే గాని అతని ముఖమును చూచి తెలియదు.

వేరొక తప్పు కూడ జరుగుచున్నది. అప్పుతోనో, రోగముతోనో క్రుంగినవానితో, నీవు ధ్యానము చేయనందుననే ఇట్లైతివని అందురు. ఇది పుండు మీద కారము. ధ్యానము అప్పును తీర్పదు, ఊపిరితిత్తులలోని రాతిదుమ్మును కడుగదు. అది చేయగలిగినది వేరు. అప్పు గలవాడు అప్పును గూర్చి వేయిసార్లు తలపోయుటను తగ్గించి, ఒక్కసారి తిన్నగా ఆలోచించు బలము నియ్యవచ్చును. అమెరికాలోని జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయపు పండితులు 2014లో 47 పరీక్షలను, వానిలో పాల్గొన్న 3,515 మంది ఫలితములను సమీక్షించి, ధ్యానాభ్యాసమువలన ఆందోళన, క్రుంగుదల, నొప్పి కొంతవరకు తగ్గుచున్నవనిరి. వ్యాయామము, మందులు మున్నగు చికిత్సలకంటె ఇది మిన్న యనుటకు ఆధారము కనబడలేదనియు చెప్పిరి. గొప్ప చెప్పక, తక్కువ చేయక ఉన్నదున్నట్లు చెప్పిన మాట యిది.

అనంతగిరి మీద స్వామి సన్నిధి కలదు. అదే కొండ మీద క్షయరోగులకు చికిత్సాలయమును వెలసినది. స్వామి యుండగా వైద్యుడెందులకని అక్కడ ఎవరును అనలేదు. మనస్సు రోగమునకును అంతే. వారముల తరబడి ఆకలి, నిద్ర, మాట తగ్గి, ప్రాణము మీద ఆశ వదలుకొన్నట్లు మాటాడువానిని ఒంటరిగా కన్నులు మూసికొని కూర్చుండుమనుట ప్రమాదకరము. వాని ప్రక్కన కూర్చుండి వైద్యుని యొద్దకు తోడ్కొని పోవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అంకెకు ఫోను చేసినచో తెలుగులో కూడ మాటాడుదురు.

తక్కినవారికి నిత్యాభ్యాసము పెద్ద పని కాదు. పన్నెండు ఊర్ధ్వపుండ్రములు ధరించు శ్రీవైష్ణవునికి అది చేతిలోనే యున్నది. నుదుట కేశవుని, ఉదరమున నారాయణుని, వక్షమున మాధవుని, కంఠమున గోవిందుని తలచుచు ఒక్కొక్క నామముకడ క్షణము నిలిచినచో కొన్ని నిమిషములు మనస్సు శరీరమును విడిచి పోదు. త్వరపడి దిద్దుకొన్నచో తిరుమణి మాత్రము మిగులును. మొదటి దినములలో విసుగు తప్పదు. సాత్త్వికసుఖము తొలుత విషమువలె, తుదకు అమృతమువలె నుండునని గీతయే చెప్పుచున్నది గనుక విసుగును చూచి వెరవనక్కరలేదు. ఒకే వేళ, ఒకే చోటు, కొద్ది సేపు. ఎక్కువ సేపు చేసి నాలుగు దినములకు మానుటకంటె ఇది నయము.

అదియు చేయలేనివారి మాటయేమి? నాలుగు గంటలకే లేచి నీళ్లు మోసి, వండి, పిల్లలను పంపి చేనికి పోవు ఇల్లాలికి ఏకాంతమెక్కడిది? గీత పండ్రెండవ అధ్యాయమున భగవానుడు మెట్టు మెట్టుగా దిగివచ్చెను. మనస్సును నాయందు నిలుపుము, నిలుపలేనిచో అభ్యసింపుము, అదియు చేతకానిచో నా కొరకు పని చేయుము, అదియు కానిచో పని ఫలమును వదలుము. ధ్యానము కుదరనివారికి శరణాగతి యున్నదని ఆచార్యులు చెప్పినదియు ఈ దయవలననే. కూర్చుండుటకు తావు లేనివారికి తలుపు మూయబడలేదు.

ధనుర్మాసము వచ్చుసరికి ఆ సీమలో కంది కోతకు వచ్చును. తెల్లవారుజామున తిరుప్పావై సేవకు పోయిన రైతు, పొంగలి ప్రసాదము ఆకులో పెట్టుకొని, మంచు విడువకముందే అటునుండి అటే చేనికి పోవలసియుండును. ఆ దారి పొడుగునను ఆనాటి పాశురమొకటి అతని నోట నడచుచుండును. ధర మాట అంగడికి పోయిన దినమున చూచుకొనవచ్చును.