లెక్కలోని ఓటరు: రాజకీయ సిమ్యులేషన్‌పై నైతిక విచారణ

రాజకీయ వ్యూహాన్ని కంప్యూటర్‌లో ముందుగా పరీక్షించి చూడటం కొత్త ఆలోచన కాదు. 1959లో అమెరికాలో సైమల్‌మాటిక్స్ కార్పొరేషన్ ఏర్పడింది. రాజనీతి శాస్త్రవేత్త ఇథియెల్ డి సోలా పూల్ అందులో ప్రముఖుడు. 1952 తర్వాతి అభిప్రాయ సేకరణల్లో పాల్గొన్న లక్షమందికి పైగా వ్యక్తుల సమాధానాలను ఆధారం చేసుకొని, ప్రాంతం, జాతి, మతం, లింగం, పార్టీ, ఆర్థిక స్థాయి వంటి ప్రమాణాలతో ఆ బృందం ఓటర్లను 480 రకాలుగా వర్గీకరించింది.

1960 అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థి కెనడీ కేథలిక్ కావడం వివాదమైంది. ఈ వివాదం ముదిరితే ఏమవుతుందన్న ప్రశ్నకు కంప్యూటర్ నమూనా ఇచ్చిన సమాధానం స్పష్టమైనది: మతం కారణంగా దూరమయ్యేవారిలో అధికులు అప్పటికే దూరమయ్యారు, వివాదం ముదిరితే, మతద్వేషాన్ని నిరసించేవారు చేరువవుతారు. కనుక విషయాన్ని బాహాటంగా ఎదుర్కోవడమే మేలు. ఆ సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు మతాచార్యుల ఎదుట కెనడీ మతస్వేచ్ఛను గురించి ప్రసంగించాడు. దానికి ఆ నివేదికే కారణమని చెప్పలేము. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. లెక్క తారుమారై ఉంటే, మౌనమే మేలని అదే నమూనా సలహా ఇచ్చేది కదా! అప్పుడు మతస్వేచ్ఛ విలువ తగ్గిపోతుందా?

ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది. నాయకులు ఎప్పుడూ జనం నాడిని అంచనా వేస్తూనే ఉన్నారు. సిమ్యులేషన్ ఆ అంచనాకు మెరుగైన రూపం మాత్రమే. ప్రసంగం మంచిదైతే దాని వెనుక ఉన్న లెక్కతో శ్రోతకు పనేమిటి? ఈ వాదంలో బలం లేకపోలేదు. కాని సభలో అంచనా వేసే నాయకుడికి సభ ఎదురు చెప్పగలదు. 480 గడుల్లోని ఓటరు ఎదురు ప్రశ్న వేయలేడు; వాదం విని మనసు మార్చుకోలేడు. అతడు నిన్నటి సమాధానాల సగటు మాత్రమే.

అందువల్ల దోషం యంత్రంలో లేదు, ప్రశ్న వేసే దిశలో ఉంది. ఒక పన్నునో, సంక్షేమ పథకాన్నో అమలుకు ముందు నమూనాలో పరీక్షిస్తే, 'దీనివల్ల ప్రజలకు ఏమి జరుగుతుంది?' అని అడిగినట్లు. అక్కడ పొరపాటు కాగితంపైనే బయటపడటం ప్రజలకు మేలు. వ్యూహ పరీక్ష 'ప్రజల నుండి మనకేమి వస్తుంది?' అని అడుగుతుంది. మనిషిని కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ సూత్రం ఈ రెండో ప్రశ్నకే వర్తిస్తుంది.

అయితే పాలకుల చేతిలో మొదటి ప్రశ్న రెండోదిగా మారడానికి ఎంతోసేపు పట్టదు. దానికి విరుగుడు ఒకటే: నమూనా ఏ ఊహలపై నిలిచిందో, అది ఎవరిని లెక్కించిందో వారికే తెలియజేయాలి. తనను గురించిన లెక్కను ప్రశ్నించగలిగినప్పుడే ఓటరు మళ్ళీ పౌరుడవుతాడు.