చేపకు ఊపిరి గలదా?



దేవరగట్టు పేరు చెప్పగానే అందరికిని విజయదశమి రాత్రియు, దివిటీలును, కర్రలును, పలు గ్రామముల జనసమూహమును జ్ఞాపకమునకు వచ్చును. ఆ సంగతి మనము ఇక్కడ విచారించుట లేదు. ఆ ప్రాంతపు పల్లెలలో వానలకు నిండి వేసవిలో చిక్కిపోవు కుంటలను గూర్చియు, వాటిలోని చేపలను గూర్చియు, పొలములలోని పురుగులను గూర్చియు కొంచెము ఆలోచింతము.

ఈ ఆలోచన ఒక పిల్లవాని ప్రశ్నవలన కలిగెను. ఆదివారపు బడిలో 150వ కీర్తన చదివి, ఊపిరి గల సమస్తమును దేవుని స్తుతింపవలెనని బోధించుచుండగా, ఆ పిల్లవాడు లేచి, "అయ్యగారూ, చేపకు ఊపిరి ఉందా? నీళ్లలో మునిగితే మనం చస్తాం గదా, అది ఎట్ల బతుకుతాది? చీమకు ముక్కే లేదు గదా?" అని అడిగెను. నవ్వి కూర్చుండబెట్టుట సులభము. అయితే ఆ ప్రశ్న వెనుక మరియొకటి దాగియున్నది. మనవలె ఊపిరి తీయని ప్రాణిని దేవుడు లెక్కించునా? ఆయన లెక్కించినయెడల, మనము లెక్కింపకుండవచ్చునా?

మొదట చేపను చూతము. అది నోరు తెరచి మూయుచుండుట చూచి నీళ్లు త్రాగుచున్నదనుకొందుము. అది త్రాగుట కాదు. నోట పుచ్చుకొనిన నీటిని తలకు ఇరుప్రక్కలనున్న మూతల క్రిందనుండి వెలుపలికి పంపుచున్నది. ఆ మూతల లోపల దువ్వెన పండ్లవంటి ఎఱ్ఱని మొప్పలు కలవు. వాటిలో పలుచని పొర చాటున నెత్తురు పారుచుండును. నీటిలో కరగియున్న ప్రాణవాయువు ఆ పొర దాటి నెత్తురులో చేరును. నెత్తురులోని బొగ్గుపులుసు గాలి నీటిలోనికి పోవును. నీరు ఒక వైపునకు సాగగా నెత్తురు దానికి ఎదురుగా సాగును. ఈ ఎదురు నడకవలన నీటిలోని కొద్ది ప్రాణవాయువులో అధిక భాగము చేపకు దక్కుచున్నది.

అది ఎంత కొద్దియో చూడుడి. మన చుట్టునున్న ఒక లీటరు గాలిలో ప్రాణవాయువు సుమారు 270 మిల్లీగ్రాములుండును. 30 డిగ్రీల వేడిమిగల ఒక లీటరు నీటిలో అది ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. అట్టి పేద ఇంటిలో చేపను దేవుడు పోషించుచున్నాడు. మరి గాలిలో ఇంత సమృద్ధి యుండగా, ఒడ్డున పడిన చేప ఏల చచ్చును? నీటి ఆధారము తప్పగానే మొప్పల పోగులు ఒకదానికొకటి అంటుకొని ఎండిపోవును. కొర్రమీనుకు మాత్రము మొప్పలపైన గాలి పట్టు అరలు కూడ కలవు గనుక, అది మధ్యమధ్య పైకి వచ్చి గాలి మ్రింగి పోవును.

వేసవిలో తెల్లవారకముందు కుంటలోని చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట మనలో అనేకులు చూచితిమి. నీరు వేడెక్కిన కొలది ప్రాణవాయువు తగ్గును. రాత్రివేళ నీటిలోని పాచియు మొక్కలును దానిని ఇచ్చుట మాని తామే వాడుకొనును. అందుచేత తెల్లవారుజామున కొరత అధికము. "చేపలు పైకి తేలినాయి, వల తెండి" అని మనము సంతోషముతో పరుగెత్తుదుము. నిజమునకు అవి ఊపిరికొరకు అంగలార్చుచున్నవి.

ఇక పురుగు. దానికి ముక్కు లేదని ఆ పిల్లవాడన్నది నిజమే. గాని దేవుడు దాని ప్రక్కలందు ద్వారములు పెట్టెను. పత్తికాయ తొలుచు పురుగును పట్టి చూచినయెడల, ఇరుప్రక్కల వరుసగా సన్నని రంధ్రములుండును. అవి 9 జతలు. వాటినుండి గొట్టములు చీలి చీలి దేహమంతట వ్యాపించి గాలిని లోలోపలికి చేర్చును. మనలోవలె నెత్తురు దానిని మోయనక్కరలేదు. ఇటలీ వైద్యుడైన మార్సెల్లో మాల్పీగీ పట్టుపురుగులో ఈ గొట్టములను కనిపెట్టి 1669లో ప్రచురించెను. అనేక జాతుల దోమల పిల్లపురుగులు తోకకొననున్న గొట్టమును నీటిపైకెత్తి గాలి పీల్చుకొనును. నీటిపై నూనె పొర పరచిన వాటికి ఊపిరాడదు.

ఇంగ్లాండు దేశములో జోసెఫ్ ప్రీస్ట్లీ అను సంఘబోధకుడు 1774లో ఈ ప్రాణవాయువును వేరుపరచి చూచెను. అందులో క్రొవ్వొత్తి మిక్కిలి ప్రకాశముగా మండెను. మరుసటి యేట ఒక చుంచెలుకను అందులోనుంచగా, అది మామూలు గాలిలోకంటె ఎక్కువసేపు బ్రదికెను. పిమ్మట తానును దానిని పీల్చి, అంతవరకు ఆ భాగ్యము రెండు చుంచెలుకలకును తనకును మాత్రమే కలిగినదని వ్రాసెను. గట్టుమీది దివిటీని మండించునదియు, కుంటలోని చేపను బ్రదికించునదియు, మన రొమ్ములో చేరునదియు ఒక్కటే వాయువు. మనుష్యునికిని మృగమునకును ఊపిరి ఒక్కటేయని ప్రసంగి 3:19 ముందే తెలిపెను.

104వ కీర్తన 25వ వచనమునుండి చదివినయెడల పిల్లవానికి జవాబు దొరకును. కీర్తనకారుడు సముద్రములోని జీవులను చెప్పి, అవన్నియు దేవునివైపు చూచుచున్నవనియు, ఆయన ఊపిరి తీసివేయగా చచ్చుననియు పలికెను. కాబట్టి చేపకు ఊపిరి గలదు. అది దేవుని చేతిలో నున్నది.

అట్లయిన పత్తిరైతు పురుగును చంపకూడదా? చేపను తినకూడదా? అట్లు చెప్పుట మన ఉద్దేశము కాదు. లేచిన ప్రభువే శిష్యుల యెదుట కాల్చిన చేపను తినెను (లూకా 24:42, 43). ఆదోని అంగడికి పత్తి చేర్చినగాని అప్పు తీరని రైతు కష్టము మనమెరుగుదుము. అవసరమునకు చంపుట వేరు. నిర్లక్ష్యముచేత చంపుట వేరు. నోవహుతో చేసిన నిబంధనలో దేవుడు సమస్త జీవులను చేర్చెను (ఆదికాండము 9:10). నీనెవె పట్టణపు పశువులను సహితము ఆయన మరువలేదు (యోనా 4:11).

మనలో కొందరము మందు కొట్టిన డబ్బాను కుంటలోనే కడుగుచున్నాము. ఎవరును చూడరని మిగిలిన మందును కాలువలో పోయుచున్నాము. చేపలు సులభముగా చిక్కునని నీటిలో విషము కలుపువారును కలరు. ఆ నీటినే పశువులు త్రాగును. పురుగు నరములను చెరుపు మందులలో అనేకములు మనుష్యుని నరములను చెరుపును. చర్మముగుండనైనను ఊపిరితోనైనను అధికముగా ప్రవేశించిన, రొమ్ము కండరములు పట్టుతప్పి ఊపిరి ఆగును. ముఖమునకు గుడ్డయైనను లేక, గాలికి ఎదురుగా నడచుచు మందు కొట్టు కూలివాని ఊపిరికి యజమాని ఉత్తరవాదియా కాడా? నా తమ్మునికి నేను కావలివాడనా యని కయీను తప్పించుకొనజూచెను గాని, దేవుడు ఆ జవాబును అంగీకరింపలేదు. చేప ఊపిరిని తృణీకరించుటకు అలవాటుపడిన చేయి కూలివాని ఊపిరియొద్ద ఆగునని ఎట్లు నమ్మగలము?

కావున ఈ మాసము మన యిండ్లలో ఒక తీర్మానము చేసికొందము. చెప్పిన కొలతకు మించి మందు వాడకుందము. డబ్బాలను కుంటకును కాలువకును దూరముగా కడుగుదము. కూలివానికి ముఖమునకును చేతులకును కప్పు సిద్ధపరచనిదే చేనిలోనికి పంపకుందము. నేలమంటినుండి మనలను నిర్మించి నాసికలలో జీవవాయువు ఊదిన దేవుడు, దానిని మనకు సొంత ఆస్తిగా ఇయ్యలేదు. ప్రతి నిమిషమును క్రొత్తగా అప్పగించుచున్నాడు. తెల్లవారుజామున కుంటలో నోరు తెరచిన చేపను చూచినప్పుడు, మనమును ఆయనవైపు అట్లే నోరు తెరచియున్నామని జ్ఞాపకము చేసికొందము. ఆమేన్.